ఏడు సంచుల మేస్త్రి

కుళాయిల మేస్త్రికి కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో కాగితాల మీద ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం ఏడు సంచుల మేస్త్రి ఇల్లెక్కడంటేనే ఎవరైనా చూపిస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు. వాయిదాల మీద కొనుక్కున్నాడు.

మొదట్లో ఆయనకి ఉన్నది ఒకే ఒక్క సంచి. పని నేర్పిన పెద్దమేస్త్రి చేతులు వణకడం మొదలయ్యాక తన ఖాకీ సంచి తెచ్చి ఈయన ఒళ్లో పెట్టాడు. అందులో పైపు రెంచి, రెండు పానాలు, రంపం, సుత్తి, తెల్ల టేపు చుట్టలు, అతుకులకి పూసే జిగురు డబ్బా. ఒక మనిషి బతకడానికి అంతకంటే అక్కర్లేదు. బతికాడు కూడా, ఎనిమిదేళ్లు.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పని సగంలో ఆగితే మేస్త్రి తన సామాను సంచి ఆ ఇంట్లోనే వదిలి వెళ్తాడు. రేపు వస్తానని దానికి అర్థం. మేస్త్రి నోటిమాట నమ్మనివాళ్లు కూడా సంచిని నమ్ముతారు. చేతిలో రెంచి లేకుండా ఇంకో ఇంటికి పోయి ఏం చేస్తాడు, గోళ్లతో తిప్పుతాడా?

ఒకసారి ఒక ఇంట్లో సంచి వదిలొచ్చి జ్వరంతో పడిపోయాడు. తొమ్మిది రోజులు లేవలేదు. పదో రోజు తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్తే ఆ ఇంటాయన ఒక్క మాట అనలేదు. సంచి ఇక్కడే ఉందిగా, వస్తావులే అనుకున్నాం అన్నాడు. తొమ్మిది రోజులు వంటింట్లో చుక్క నీళ్లు లేకుండా గడిపిన మనిషి, నవ్వుతూ అన్నాడు. అదిగో, అప్పుడు దూరింది మేస్త్రి బుర్రలోకి పురుగు.

ఒక్క సంచికి తొమ్మిది రోజుల ఓపిక వస్తే, రెండు సంచులకి రెండిళ్లు. రెండిళ్లకి రెండు అడ్వాన్సులు. హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి వాయిదాల మీద రెండో సంచి తెచ్చాడు. తర్వాత మూడోది. మూడు సంచులు మొయ్యాలంటే పాత సైకిలు చాలదు కాబట్టి వెనక పెట్టె ఉన్న స్కూటరు కొన్నాడు. ఇన్ని ఇళ్లవాళ్లు ఫోన్లు చేస్తుంటే ఒక ఫోను చాలదు కాబట్టి రెండోది కొన్నాడు. రెండు ఫోన్లు, స్కూటరు ఉన్న మనిషి ఒంటి గదిలో ఉంటే ఎవరు నమ్ముతారని మేడ ఉన్న ఇంట్లోకి మారాడు. ఆ మేడ అద్దెకి నాలుగో సంచి, స్కూటరు వాయిదాకి ఐదో సంచి. మంచమున్నంతవరకే కాళ్లు చాపుకోమంటారు పెద్దలు. ఈయన ముందు కాళ్లు చాపి, తర్వాత మంచం కొనే రకం.

ఐదో సంచికొచ్చేసరికి లోపల పెట్టడానికి సామాను కొనే డబ్బుల్లేవు. అందుకని పైన ఒక మెరిసే పానా పెట్టి కింద విరిగిన పైపు ముక్కలు సర్దాడు. ఆరోదాంట్లో అర ఇటుక వేశాడు. ఏడో సంచిలో ఏముందో ఆయనకి, పైనున్నవాడికి తప్ప తెలీదు.

ఇక ఆయన రోజు ఎలా ఉండేదంటే, పొద్దున కళ్లు తెరవకముందే ఫోను తీసి, దారిలో ఉన్నానండీ అనేవాడు. దుప్పటి లోపల్నుంచి అనేవాడు. ఒక ఇంట్లో గోడ కొట్టి, ఇంకో ఇంట్లో పాత కుళాయి ఊడదీసి, మూడో ఇంట్లో కొలతలు తీసుకుని, నాలుగో ఇంట్లో టీ తాగి, సాయంత్రానికి చెమటలు కక్కుతూ వచ్చి కూలబడేవాడు. పని మొదలుపెట్టడంలో ఆయనంత చురుకైనవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆ మేడింటి ముందే ఆయన భార్య బల్ల వేసుకుని బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆయన తెచ్చేది వాయిదాలకి పోతే, ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె ఇస్త్రీ పెట్టె మీదే. ఆయన్ని దొరకబుచ్చుకోలేని వాళ్లంతా బట్టలు ఇచ్చే వంకతో ఆమె దగ్గరికొచ్చి అడిగేవాళ్లు, మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా అని. ఆమెకి జవాబులు చెప్పీ చెప్పీ నోరు అరిగింది.

ఒక సోమవారం పొద్దున లెక్కల మాస్టారు వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టె. రెండు చొక్కాలు బల్ల మీద పెట్టి, కోపం అన్నది లేకుండా, వాన కురుస్తోందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నలభై రోజులైందమ్మా, పక్కింట్లో స్నానం చేస్తున్నా. మొదట్లో వాళ్ల కుక్క నన్ను చూసి మొరిగేది. ఇప్పుడు తోక ఊపుతోంది."

తిట్టి ఉంటే ఆమె కూడా నాలుగు అనేసి ఊరుకునేది. ఆయన తిట్టకుండా వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం భర్త అన్నానికి వస్తే, కంచం ముందు పెట్టి చెప్పింది.

"శనివారం లోపు ఒక్క పని పూర్తి చెయ్యి. ఒక్కటంటే ఒక్కటి. నేనొచ్చి చూస్తా. లేకపోతే ఇస్త్రీ పెట్టె తీసుకుని ఆ సాయంత్రం ఆరింటి బస్సుకి అక్క దగ్గరికి పోతున్నా. వాళ్ల అరుగు ఖాళీగానే ఉందంట."

మేస్త్రి నవ్వాడు. ఒక్కటే కదా అన్నాడు. మర్నాడు ఆమె బట్టలిచ్చేవాళ్లకి, శనివారం తర్వాత తేవొద్దని చెప్పడం విన్నాక గానీ ఆ నవ్వు ఆగలేదు. ఆమె మొగుడితో ఎన్ని పరాచికాలైనా ఆడుతుంది. ఇస్త్రీ పెట్టెతో ఆడదు.

మంగళవారం మాస్టారింటికి బయల్దేరాడు. దారిలో బేకరీ ఆయన పట్టుకుని, నీ సంచి ఉంది, నువ్వు లేవు అని నిలదీశాడు. అక్కడ కొలతలు తీసేసరికి ఫోను మోగింది. అటు పోయేసరికి రెండో ఫోను మోగింది. బుధవారం కూడా అంతే, గురువారం ఇంకా అంతే. శుక్రవారం సాయంత్రానికి ఆరిళ్లు తిరిగాడు, ఆరిళ్లలోనూ పని ఎక్కడున్నది అక్కడే ఉంది. చివరికి కాళ్లీడ్చుకుంటూ ఏడో ఇంటికి, కుట్టుపని చేసే పెద్దమ్మ ఇంటికెళ్లాడు. ఆమె వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి బిగించాల్సి ఉంది. వెళ్లి చూస్తే తొట్టి బిగించి ఉంది. కుళాయి తళతళలాడుతోంది. తిప్పితే నీళ్లొచ్చాయి, ఆపితే ఆగాయి.

"ఎవరు చేశారు పెద్దమ్మా?"

వంతెన అవతల నుంచి ఎవరో మేస్త్రి వచ్చాడంట. తొమ్మిదింటికి వచ్చి పదకొండింటికి పోయాడంట. ఇలాంటి మేస్త్రీలు కూడా ఉంటారని ఈ వయసులో తెలిసిందిరా నాయనా అంది పెద్దమ్మ, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

వేరే ఎవరైనా అయితే సిగ్గుతో చచ్చేవాళ్లు. మన మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. పెద్దమ్మ చేతులు పట్టుకున్నాడు. రేపు పొద్దున మా ఆవిడ వస్తుంది, ఈ పని నేనే చేశానంటాను, నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలన్నాడు. నేను అబద్ధం చెప్పను, అడక్కపోతే నిజం కూడా చెప్పను అంది పెద్దమ్మ. ఆ మాత్రం చాలన్నాడు.

శనివారం పొద్దున భార్యని స్కూటరు మీద ఎక్కించుకుని పెళ్లిచూపులకి తీసుకెళ్లినట్టు తీసుకెళ్లాడు. ఆమె వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పింది, ఆపింది. వంగి తొట్టి కిందకి చూసింది. మేస్త్రి ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఆమె లేచి, తొట్టి వైపు కాదు, ఆయన చొక్కా వైపు చూసింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ మేస్త్రికి ఒక పాడలవాటుంది. అతుకు వేసిన ప్రతిసారీ బయటికొచ్చిన జిగురుని ఎడమ బొటనవేలితో తుడిచి, ఆ వేలు చొక్కా అంచుకి రాసుకుంటాడు. పెద్దమేస్త్రి ఎన్ని మొట్టికాయలు వేసినా ఆ అలవాటు పోలేదు. ఉతికినా పోని, ఇస్త్రీ చేసినా పోని మరక అది. పన్నెండేళ్లుగా ఆ చొక్కాల మీద పెట్టె తోలుతున్నది ఆమే.

"ఈ వారం నీ చొక్కాలు ఆరు ఉతికా. ఒక్కదాని మీదా మరక లేదు" అంది ఆమె. "వారమంతా ఊరు తిరిగావు. ఒక్క అతుకు వెయ్యలేదు."

అడక్కపోతే నిజం చెప్పనన్న మాట పెద్దమ్మ నిలబెట్టుకుని, ఊరికే ఉండలేక మూల నుంచి సంచి తెచ్చి మధ్యలో పెట్టింది. ఎలాగూ పని అయిపోయింది కదా, ఇది తీసుకుపో నాయనా, అడ్డంగా ఉంది అంది. అది ఏడో సంచి. మేస్త్రి చెయ్యి చాచేలోపు భార్య విప్పింది. పైన ఒక పానా. కింద రెండు పగిలిన టైల్సు, పాత గుడ్డలు, వాటి కింద ఒక జత చెప్పులు.

"నా చెప్పులు" అంది.

ఆరు నెలలుగా వెతుకుతోంది. ఎవరెత్తుకుపోయారో అని పక్కింటావిడతో రెండు వారాలు మాట్లాడటం కూడా మానేసింది. ఇప్పుడు చూస్తే ఆ చెప్పులు పెద్దమ్మ వంటింట్లో ఆమె మొగుడి మాటకి హామీగా కూర్చుని ఉన్నాయి. ఆమె గుమ్మం మీద చతికిలబడి నవ్వింది. పెద్దమ్మ నవ్వింది. మేస్త్రి కూడా నవ్వబోయాడు. అప్పటికి భార్య నవ్వు ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, ఆరింటికి బస్సు అని చెప్పి లేచింది.

మేస్త్రి జేబులోంచి రెండు ఫోన్లూ తీసి ఆమె చేతిలో పెట్టాడు. శనివారం ఇంకా అయిపోలేదు కదా అన్నాడు. మాస్టారింటికి పోతున్నా, ఆరింటి లోపు వచ్చి చూడమన్నాడు.

మాస్టారింట్లో స్నానాల గది తవ్విన గుంటలా ఉంది. చెయ్యి పెడదామంటే అక్కడున్నది అర ఇటుక సంచి. పెద్దమేస్త్రి ఇచ్చిన అసలు సంచి బేకరీలో ఉంది. ఇటుక సంచి భుజాన వేసుకుని బేకరీకి పరిగెత్తాడు. అసలు సంచిని వాళ్లు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు. పని చెయ్యకపోతే మానెయ్, సంచి మాత్రం ఉంచి పోవయ్యా, అలవాటైపోయింది అన్నాడు బేకరీ ఆయన. బదులుగా అర ఇటుక ఇచ్చి వచ్చాడు.

ఇక మొదలుపెట్టాడు. పైపు కోశాడు, అతికాడు, వేలితో తుడిచాడు, చొక్కాకి రాశాడు. మొదట గంటసేపు చెవుల్లో ఫోను మోగుతున్నట్టే ఉంది. జేబు తడుముకోవడం, లేదని గుర్తురావడం. తర్వాత తడుముకోవడం మర్చిపోయాడు. మాస్టారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, దొంగ మళ్లీ పారిపోతాడేమోనన్నట్టు కాపలా కూర్చున్నాడు.

అక్కడ ఇస్త్రీ బల్ల మీద రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. ఆమె పెట్టె పక్కన పెట్టి ఎత్తేది. మేస్త్రి దారిలో ఉన్నాడా అని అడిగేవాళ్లు. దారిలో లేడండీ, ఒక చోట ఉన్నాడు అనేది. అది విని కొందరు కంగారు పడ్డారు, ఒంట్లో బాగానే ఉందా అని. మీ ఇంట్లో సంచి ఉంటే విప్పి చూసుకోండి, చూశాక వేరే మేస్త్రిని పిలుచుకుంటారో, ఈయన కోసం ఆగుతారో మీ ఇష్టం అని అందరికీ చెప్పేసింది. మధ్యాహ్నానికల్లా ఇద్దరు వేరేవాళ్లని పిలుచుకున్నారు. మిగతావాళ్లు ఆమెని బండబూతులు తిడతారనుకుంటే, తేదీ చెప్తే ఆగుతామన్నారు. ఆమె పాత క్యాలెండరు వెనక వాళ్ల పేర్లు వరసగా రాసింది.

ఐదున్నరకి మాస్టారింటికి వచ్చింది. భుజానికి బట్టల సంచి, చేతిలో గుడ్డలో చుట్టిన ఇస్త్రీ పెట్టె. ముందు మొగుడి చొక్కా చూసింది. ఎడమ అంచు అంతా జిగురు మరకలే, పిడచకట్టుకుపోయి. లోపలికెళ్లి కుళాయి పూర్తిగా తిప్పింది. బకెట్టు నిండింది. వంగి అతుకులు ఒక్కొక్కటే వేలితో తడిమింది. చివరి అతుకు దగ్గర వేలు ఆగింది. వేలి చివర ఒక చుక్క.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. మేస్త్రి గోడ గడియారం చూశాడు. ఆరుకి ఇంకా పదిహేను నిమిషాలు. వారం కిందటి మేస్త్రి అయితే అంటాడు, అదేం కాదు, రేపొచ్చి చూస్తా అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాడు.

"కోసి మళ్లీ వెయ్యాలి. అరగంట పడుతుంది" అన్నాడు. "నువ్వు వెళ్లాలంటే వెళ్లు. ఇది మాత్రం వదిలి రాను."

ఆమె ఇస్త్రీ పెట్టె గట్టు మీద పెట్టి, నిండిన బకెట్టు వంపేసి బోర్లించి దాని మీద కూర్చుంది. రంపం అందుకుని ఆయనకి ఇచ్చింది. బస్సు సందు చివర హారను కొట్టుకుంటూ పోయింది. ఇద్దరూ తల ఎత్తలేదు. మాస్టారు మాత్రం, అదే అనుకుంటానమ్మా నీ బస్సు అని పెద్దమనిషి తరహాలో చెప్పి, ఆమె చూసిన చూపుకి మళ్లీ కూర్చున్నాడు.

నెల తిరక్కుండా మేడ ఖాళీ చేశారు. ఇప్పుడు రెండు గదులు, ముందు బల్ల పట్టేంత చోటు. స్కూటరు, ఒక ఫోను పోయాయి. మంచి సామాను ఉన్న సంచులు కొట్టువాడు సగం ధరకి వెనక్కి తీసుకున్నాడు. సగమే ఇస్తావా అని మేస్త్రి గొణిగితే, ఇస్తున్నందుకు సంతోషించు అంది భార్య. ఒక ఇంటి పని అయ్యాకే ఇంకో ఇల్లు. చేతికొచ్చేది తగ్గింది, చేతిలో ఉండేది పెరిగింది. ఇదెలాగో మేస్త్రికి ఇప్పటికీ అర్థం కాలేదు. మాస్టారు రెండుసార్లు విడమరిచి చెప్పి వదిలేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క దిగింది. వస్తానని చెప్పి రాకుండా పోయావు, అరుగు కడిగి ముగ్గురికి చెప్పుకున్నాను, నా పరువు తీశావు అని చెల్లెల్ని గంటసేపు దులిపింది. చివరికి అసలు సంగతి బయటపెట్టింది. మా పెరటి కుళాయి కారుతోంది, మరిదిని సాయంత్రం నాతో పంపించు అంది.

చెల్లెలు క్యాలెండరు తిప్పి చూసింది.

"వచ్చే నెల ఎనిమిది."

"నాకే తేదీలు చెప్తావటే?"

"నువ్వు కాబట్టి ఎనిమిది. వేరేవాళ్లకైతే పద్నాలుగు."

అక్క విసురుగా లోపలి గదిలోకెళ్లింది, మరిదినే నేరుగా అడుగుదామని. చాప మీద మేస్త్రి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వదినగారి అడుగుల చప్పుడు వినగానే కళ్లు ఇంకా గట్టిగా మూసుకుని, గురక పెట్టడం మొదలుపెట్టాడు.