గోబేర్ గోడ, పెరొనెల్ తెర

మా ఊరి బరిలో, ఈటెలు పట్టిన ఇద్దరు రౌతులు ఎదురెదురుగా గుర్రాలను ఉరికించే చోట, నడుమ పొడవాటి బల్లల గోడ ఉంటుంది. ఇప్పుడు దాని మీద గుడ్డ పీలికైనా లేదు. అయినా ఊరంతా దాన్ని తెర అనే అంటారు. ఎందుకని వడ్రంగి గోబేర్‌ను అడిగితే ఉలి కింద పెట్టి మరీ తిడతాడు. ఆ తిట్లన్నీ చివరికి అతని వదిన పెరొనెల్ దగ్గరికే చేరతాయి.

పెరొనెల్ గుడారాలు కుట్టేది. మగడు పోయాక సోన్ నది మీద తిరిగే పడవలకు కప్పులు కూడా కుట్టింది. అప్పట్లో బరి మధ్య ఉన్నది నిజంగా తెరే. గుంజలకు మోకు కట్టి, దాని మీంచి నేల దాకా ముతక గుడ్డ వేలాడదీసేవారు. గుర్రాలు గుద్దుకోకుండా అదే అడ్డు. పరుగు పరుగుకీ ఎక్కడో చిరిగేది. అందుకని పెరొనెల్ బరి చుట్టూ ఉన్న కంచె లోపల ముక్కాలిపీట వేసుకుని, మైనం పట్టించిన దారంతో సిద్ధంగా కూర్చునేది. మంచె మీది దొరసానులకు రౌతుల శిరస్త్రాణాల ఈకలు కనిపిస్తే, ఆమెకు గుర్రాల ముక్కుపుటాలు కనిపించేవి. ఇరవై రెండేళ్లుగా ఆ చోటు ఆమెది. గుడిలో ప్రార్థనకు వెళ్లినా ఆమెకు అంత ముందు చోటు ఎవరూ ఇవ్వలేదు.

ఒక ఏడు వాన పడి తెర తడిసి సాగిపోయింది. రెండు గుర్రాలు ఢీకొన్నాయి. పోటీ పెద్ద ఊదార్ దొర గోబేర్‌ను పిలిచి, బల్లలతో గోడ కట్టమన్నాడు.

"నీ సూదికి ఇక సెలవే వదినా. బల్ల చిరగదుగా!" అన్నాడు గోబేర్.

"నీ నోరూ చిరగదు, అదే మా ఖర్మ."

"ఆదివారం కంచె బయట అందరితోపాటు నుంచుని చూద్దువుగాని. మెడ పొడుగ్గానే ఉంది కదా."

పెరొనెల్ తన ముక్కాలిపీటను చంకన పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున కొత్త గోడ పక్కన గుర్రాలను పరుగెత్తించి చూశారు. మొదటిది పది అంగలు వేసి, అవతలి రౌతుకు ఈటె అందనంతగా గోడకు దూరం జరిగిపోయింది. రెండోది టక్కున ఆగింది. దాని మీది రౌతు జారి మెడను కావలించుకున్నాడు. కంచె చుట్టూ జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"గోబేర్, నీ గోడకు దెయ్యం పట్టిందా?" అన్నాడు దొర.

"గుర్రాలకే బుద్ధి లేదయ్యా!"

పెరొనెల్ గోడ పక్కనే గబగబా నడిచి చూసింది. గుర్రానికి కనిపించేది చూడాలంటే గుర్రమంత జోరుగా కదలాలని ఆమెకు తెలుసు.

"సందుల్లోంచి ఎండ కొడుతోంది అయ్యగారూ. అవతలి గుర్రం కాళ్లు ముక్కలు ముక్కలుగా తళుక్కుమంటున్నాయి. బెదరదా మరి?"

"సందులు మూసెయ్," అన్నాడు దొర గోబేర్‌తో.

గోబేర్ నసిగాడు. "పచ్చి కర్రండీ. ఇవాళ మూసినా ఆదివారానికి మళ్లీ విచ్చుకుంటుంది."

"అయితే పైన నా గుడ్డ కప్పుదాం," అంది పెరొనెల్.

"చిరిగితే?" అన్నాడు దొర.

"కుట్టడానికి మనిషి కావాలి. ఆ మనిషి కూర్చోడానికి పీట కావాలి."

దొర నవ్వి తలూపాడు. గోబేర్ మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "పీట కోసం నా గోడనే కప్పెట్టేస్తావా వదినా!"

"గోడ నీదే మరిదీ, ఎవరు కాదన్నారు? ఊఁ, మేకులు కొట్టు. అక్కడ కాదు, ఇంకాస్త పైన."

ఆదివారం చాటింపు వేసేవాడు రౌతులను తెర దగ్గరికి రమ్మని పిలిచాడు. గోడ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. గుర్రాలు గుడ్డను రాసుకుంటూ బాణాల్లా పోయాయి. ఈటె ఫెళ్లున విరిగి, దాని ముక్క మూరెడు మేర గుడ్డను చీల్చింది. పెరొనెల్ సూదితో లేచింది.

కంచె బయట జనంలోంచి గోబేర్ మెడ సాచి అరిచాడు. "వదినా, నీకు పుణ్యం ఉంటుంది, కాసేపు అలాగే వదిలెయ్! లోపల నా బల్లలున్నాయని జనానికి తెలియాలి!"

పెరొనెల్ వెనక్కి తిరగకుండానే కుట్లు ఇంకా దగ్గర దగ్గరగా వేసింది.