నలభై వాట్ల అబద్ధం

లోకంలో ఏ శక్తినైనా సరే, సంగటి ముద్దల్లోకి మార్చి చెప్పకపోతే గోపాలస్వామికి తోచదు. కరెంటు బిల్లు వస్తే ఎవరైనా కట్టాల్సింది ఎంతో చూస్తారు. ఆయన యూనిట్లు చూసి, "ఈ నెల మీ ఫ్రిజ్జు నూరు ముద్దలు తినిందమ్మా!" అని ఇంటివాళ్ల గుండెల్లో రాయి వేస్తాడు.

కుప్పంలో ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఆయన మదనపల్లె చేరాడు. టమోటా యార్డు పక్కన మరదలు పద్మావతి నడిపే సంగటి మెస్సులో మూల బెంచీ ఆక్రమించుకున్నాడు. మొదటి రోజే ఆమె చేతిలోని ముద్దను తూకం వేయించాడు. "నీ ముద్ద మూడు వందల కిలో క్యాలరీలు. కరెంటు యూనిట్ ఎనిమిది వందల అరవై. అంటే యూనిట్‌కు మూడు ముద్దలు, పిసరు తక్కువ" అని తీర్పు చెప్పాడు. అప్పటినుంచి గ్రైండరు స్విచ్ వేసినప్పుడల్లా దానికీ ఒక విస్తరి వేయాలేమో అనిపిస్తుంది పద్మావతికి.

"ఊరికే కూచోకపోతే ఒక చెయ్యి వేయరాదా బావా?" అని ఆమె ఒకసారి అడిగింది.

"ఊరికే యాడ కూచున్నా? గుండె కొట్టుకుంటాండాది, ఒళ్లు వెచ్చగా ఉండాది. ఈ వయసుకి, ఈ బక్క ఒంటికి, లోపల అరవై వాట్ల బల్బు వెలుగుతాండాది!"

"అయితే ఆ వెలుతుర్లో రెండు ఎర్రగడ్డలన్నా తరుగు" అని ఉల్లిపాయల బుట్ట, కత్తిపీట ముందుకు తోసింది.

క్యాలరీ అన్న మాట ఎవరైనా అంటే "కిలో!" అని అరవడం ఆయన ఇంకో అలవాటు. తిండి విషయంలో జనం క్యాలరీ అనేది నిజానికి కిలో క్యాలరీ, అంటే వెయ్యి రెట్లు. పుంగనూరులో మిఠాయి అంగడి గిరిబాబు, "ఈ లడ్డూ ఒకటి రెండు వందల క్యాలరీలంట సార్" అన్నాడు. ఈయన "కిలో!" అని గర్జించాడు. గిరిబాబు కిలో లడ్డూలు కట్టి చేతిలో పెట్టాడు. గోపాలస్వామి అరగంట వాదించి తన మాటే రైటని ఒప్పించాడు, లడ్డూలు మాత్రం మోసుకొచ్చాడు.

చౌడేపల్లె రైతు మురళీధర్ మెస్సుకొచ్చి, "మా బోరుకి అయిదు హెచ్‌పి మోటారు దించినా" అని మీసం తిప్పాడు.

"ఎంతసేపు?" అన్నాడు గోపాలస్వామి.

"ఏంది ఎంతసేపు?"

"హెచ్‌పి, వాట్లు అనేవి జోరప్పా. ఎంతసేపు తిరిగిందో చెప్తేనే ఎన్ని ముద్దలు తినిందో తేలేది!"

ముద్దలెన్నో తేలేసరికి మురళీధర్ చేతిలో ముద్ద చల్లారిపోయింది. లెక్కలో దశాంశ బిందువు దగ్గర గోపాలస్వామి దేవుడికి కూడా దారి ఇవ్వడు.

ఆ లెక్కే ఒకరోజు కొంప ముంచింది. యార్డులో లారీకి టమోటా బాక్సులెత్తే హమాలీలు తింటుంటే, ఆయన ఉత్సాహంగా బాక్సు బరువును ఎత్తుతో గుణించి, "లారీ మొత్తం నింపినా ముద్దలో ఎనిమిదో వంతే!" అని ప్రకటించాడు.

మునిచంద్ర అనే హమాలీకి మండింది. "నిమ్మకాయంత సంగటికి లారీ నిండుతాదా అయివారూ?"

"ఒంట్లో ముప్పాతిక శక్తి వేడికే పోతాదప్పా. అది కలిపితే అర ముద్ద."

మునిచంద్ర చెయ్యి కడుక్కుని, నిండు బాక్సొకటి తెచ్చి ఆయన నెత్తిన పెట్టాడు. "నిలబడండి, ఎన్ని ముద్దలో సూస్తాం." గోపాలస్వామి మెడ వణికింది, కళ్లజోడు జారింది, చెమట కారింది. అయినా, "కదలకుండా... నిలబడితే... ఫిజిక్స్‌లో... పని సున్నా!" అని మాత్రం వదల్లేదు. మెస్సంతా పడి పడి నవ్వింది.

ఒక్క చెంగయ్య నవ్వలేదు. ఒకప్పుడు లారీలు నింపిన మనిషి. మోకాళ్లు మొరాయించాక ఇప్పుడు బాక్సుల దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. ఆ మర్నాటి నుంచి రెండో ముద్దకు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇంకొన్నాళ్లకు ఉత్త మజ్జిగ తాగి లేచిపోయాడు.

"యాల తినవు సెంగయ్యన్నా?" అంది పద్మావతి.

"కదల్నోని పని సున్నా అని అయివారే సెప్పినాడు గదమ్మా. సున్నాకి ముద్దలెందుకు?"

పద్మావతి గరిటెతో సహా మూల బెంచీకి వచ్చింది. "నీ సున్నా పోయి ఆయప్ప కడుపులో కూచునింది బావా! ఆ మనిషి ఎండిపోతాండాడు. నువ్వు పెట్టిన సున్నా, నువ్వే తియ్యి."

గోపాలస్వామి ముఖం మాడింది. తన ఒంటికి వేసుకున్న లెక్కను చెంగయ్యకు చెప్పడమే మరిచాడు. వెంటనే లేచి వెళ్లి చెంగయ్య ఎదురుగా కూర్చున్నాడు.

"సెంగయ్యా, ఎవురికీ ఫోన్ చెయ్యకపోయినా నీ సెల్లులో ఛార్జింగ్ తగ్గతాదా, లేదా?"

"తగ్గతాది."

"మనిషీ అంతే. లారీ ఎత్తేది కొసరు పని. బతికుండేదే అసలు పని. ఊరికే కూచున్నా నీ లోపల నూరు వాట్ల బల్బు వెలుగుతాండాది."

చెంగయ్య ఆలోచించి, "ఎంతసేపు?" అన్నాడు.

గోపాలస్వామి పొంగిపోయాడు. "ఇరవై నాలుగ్గంటలూ! రోజుకి రెండుంబావు యూనిట్ల పైమాటే. ఏడు ముద్దలు. పూటకి రెండు, పైన కొసరు!"

"లెక్కయితే ఇంగేం చేస్తాం" అంటూ చెంగయ్య విస్తరి ముందుకు జరుపుకున్నాడు. రెండు ముద్దలూ ఊరుబిండి పచ్చడితో తిని, కొసరు కూడా అడిగి వేయించుకున్నాడు.

చెంగయ్య వెళ్లాక పద్మావతి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "బావా, ఇద్దరిదీ ఒకటే ఈడు, ఒకటే బక్క ఒళ్లు. నువ్వు అరవై వాట్లయితే ఆయప్ప నూరెట్లయినాడు?"

గోపాలస్వామి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అరవై అంటే పూటకి ఒకటిన్నరే తేల్తాది పద్మావతీ. సగం మొహమాటానికి పోతే ఒకటే తింటాడు. అందుకని మొహమాటానికి కూడా వాట్లు కలిపినా."

దశాంశం దగ్గర దేవుణ్ణి ఆపిన మనిషిని చూసి పద్మావతికి నవ్వూ వచ్చింది, గొప్పగానూ అనిపించింది. "నలభై వాట్ల అబద్ధం. ఎంతసేపు?"

"ఇరవై నాలుగ్గంటలూ..." ఆయన వేళ్లు లెక్కపెట్టకుండా ఉండలేకపోయాయి. "దగ్గర దగ్గర ఒక యూనిట్."

"అంటే రోజుకి మూడు ముద్దల అబద్ధం!"

"పిసరు తక్కువ" అని దిద్దాడు గోపాలస్వామి.