నెలతక్కువ పిల్లల గది ముందు బోర్డు

1964లో నా దుకాణం ఆబిడ్స్ నుంచి గన్‌ఫౌండ్రీ వైపు పోయే ఒక సందులో ఉండేది. దుకాణమంటే ఒక మెట్టు, ఒక తలుపు, దాని వెనక రంగుడబ్బాలు. రాష్ట్రం ఏర్పడిన ఏడాది మా నాన్నకు బదిలీ అయి తెనాలి నుంచి ఇక్కడికి వచ్చాం. ఆయన ఫైళ్లలో పడ్డాడు, నేను సైన్‌బోర్డుల్లో పడ్డాను. అప్పుడే ఊళ్లో తెలుగు బోర్డులకు గిరాకీ మొదలైంది. ఉర్దూ, ఇంగ్లీషు ముత్యాల్లా రాసేవాళ్లు వీధికొకరు ఉన్నారుగాని, తెలుగు అక్షరానికి తలకట్టు చక్కగా పెట్టేవాళ్లు తక్కువ. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది.

నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రి ఉండేది. అక్కడి మేట్రన్ సుగుణమ్మ నన్ను పిలిపించింది. మెదక్ దగ్గర మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి, అందరూ సిస్టరమ్మ అనేవారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను విడిగా ఉంచే గది ఒకటి ఆమె కింద ఉంది. అంతకు కొద్దిరోజుల ముందే ఆ గదిలో ఒక పసివాడు పోయాడు. చూడటానికి గుంపుగా వచ్చిన చుట్టాల్లో ఎవరి జలుబో వాడికి అంటుకుంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా మొహం వైపు చూడలేదు.

"ఇంకొక్క పిల్ల గూడ పోవద్దు. ఎవ్వరూ లోపలికి రాకుండ గట్టిగ రాయున్రి" అంది.

గట్టిగా రాయడమంటే గట్టి మాట వెయ్యడమే అనుకున్నాను. ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికీ తెలుగు మీద మోజుంది. ఇద్దరం కూర్చుని మాటలు ఏరుకున్నాం. 'సెలవిచ్చారు' అంటే మరీ మెత్తన, 'శాసించారు' అంటే పౌరాణిక నాటకం, 'ఆదేశించారు' అంటే ఆఫీసు వాసన. చివరికి ఆయన 'ఆజ్ఞాపించడమైనది' దగ్గర ఆగారు. నాకూ నచ్చింది. జ్ఞ రాయడం వచ్చినవాడికి దాన్ని నలుగురికీ చూపించుకోవాలని ఉంటుంది.

గది తలుపు పక్కన గోడమీదే రాశాను. ముందు ప్రైమర్, అంటే రంగు పట్టి నిలవడానికి వేసే తొలిపూత. అది ఆరాక సుద్దతో లేఅవుట్, ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో గీసుకోవడం. ఆ తరవాతే ఎనామిల్ రంగు. 'ఇతరులు లోనికి ప్రవేశించరాదని ఆజ్ఞాపించడమైనది' అని ఎర్రగా మెరిసింది. రంగు ఆరకముందే ఎవరో పెద్దాయన దానికి వీపు ఆనించి, చొక్కాకు 'ఆజ్ఞ' అంటించుకుని లోపలికి పోయాడు.

డాక్టరుగారు పట్టు వదల్లేదు. మాట సర్కారుది కావాలన్నారు. 'ఉత్తర్వు' అని మార్చాను. జనం నిలబడి చదివి, ఎవరి ఉత్తర్వని ఒకరినొకరు అడుగుతూ లోపలికి పోయారు. ఇక్కడివాళ్లకు ఇక్కడి మాటే ఎక్కుతుందని 'హుకుం' వేశాం. ఒక తాత దానికి భక్తిగా సలాము కొట్టి మరీ లోపలికి నడిచాడు. నాకు లోలోపల నవ్వొచ్చిందిగాని సిస్టరమ్మ మొహం చూసి మింగేశాను. ఆమెకు ఆ బోర్డు వెనక ఊపిరి తీసుకుంటున్న పిల్లలే కనిపిస్తున్నారు.

నేను 'హుకుం' చెరిపి మళ్లీ ప్రైమర్ వేస్తున్న రోజున మల్లమ్మ వచ్చింది. సంగారెడ్డి వైపు పల్లె. ఆమె కూతురికి కాన్పులు వరసగా పోయి, ఈసారి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టి బతికి, ఆ గదిలో ఉంది. మనవరాలిని చూడాలని మల్లమ్మ చుట్టాలందరినీ వెంటేసుకుని వచ్చింది. వరండా మొదట్లో ఉండగానే ఆమె దగ్గు నాకు వినబడింది. ఆయా అడ్డం పోతే చేత్తో పక్కకు నెట్టింది. సిస్టరమ్మ వచ్చింది. అరుస్తుందనుకున్నాను. ఆమె ఒక స్టూలు లాక్కొచ్చి తలుపుకు అడ్డంగా వేసింది.

"పెద్దమ్మా, మీ ఇంట్ల పురుడయితే గడపకాడ ఎవరు కూసుంటరు?"

"నేనే కూసుంట. మా ఇంట్ల పెద్దదాన్ని నేనే గద."

"గిది గూడ పురిటిల్లే. గీడ కూసో. ఎవ్వర్నీ లోపలికి పోనియ్యకు."

మల్లమ్మ తలుపు వంక చూసింది. "నేను గూడ పోవద్దా?"

"నీకు దగ్గుంది. కావలి కూసున్నోళ్లే లోపలికి పోతే మిగిలినోళ్లు ఆగుతరా?"

ఆమె కొంగు నోటికి అడ్డం కట్టుకుని స్టూలు మీద కూర్చుంది. అంతే, వెంట వచ్చిన చుట్టాలు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు. ఆ రోజు నుంచి పగలంతా ఆమెదే కాపలా. ఎవరొచ్చినా "పోవద్దని చెప్పిన గద" అనేది. అంతకు మించి మాట లేదు, గొంతు పెంచేదీ కాదు. పెద్ద డాక్టరుగారు ఎవరో స్నేహితుణ్ణి వెంటబెట్టుకొస్తే ఆయనకూ అదే మాట. ఆయన సిగ్గుపడి స్నేహితుణ్ణి వెనక్కి పంపేశారు. తన మనవరాలు ఏడ్చినప్పుడు మాత్రం ఆమె రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకునేది. కొత్త మాట తేలేదాకా గోడ ఖాళీగానే ఉంది, ఏం రాయాలో అడగడానికి వెళ్లినప్పుడల్లా నాకు అది కనబడేది.

పిల్ల ఒళ్లు చేసింది, మల్లమ్మ దగ్గూ తగ్గింది. ఇంటికి పంపే రోజున సిస్టరమ్మే పిల్లను గడప దాకా తెచ్చింది. మల్లమ్మ చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ముట్టొచ్చునా?"

"ఔ పెద్దమ్మా, పట్టుకో."

ఆమె ఏడ్చింది. సిస్టరమ్మ కూడా కళ్లు తుడుచుకుంది.

ఆమె వెళ్లాక గోడ మీద ఏం రాయాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 'లోపలికి పోవద్దని పెద్దమ్మ చెప్పింది' అని రాసి చూపిస్తే సిస్టరమ్మ తలూపింది. డాక్టరుగారు మాట మరీ పలచన అన్నారు. కాని దాన్ని చదివినవాళ్లు ముందు ఆ పెద్దమ్మ ఎక్కడుందోనని అటూ ఇటూ చూసేవాళ్లు, ఆ తరవాత చదువురాని వాళ్లకు చదివి వినిపించేవాళ్లు. ఆ బోర్డును దాటి పోయినవాళ్లు తక్కువ. మన ఇళ్లలో అమ్మ ఆజ్ఞాపించదు, నాన్న ఉత్తర్వు జారీ చెయ్యడు. వాళ్లు చెబుతారు, మనం వింటాం. ఆ సంగతి నేను ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ తరవాత ఎన్ని ఆఫీసులకు ఎన్ని 'ఆదేశించడమైనది'లు రాశానో లెక్కలేదు, ఒక్కదాని మీదా నాకు ప్రేమ లేదు.

కొన్నేళ్లకు మా పాప కూడా తొందరపడి పుట్టింది. అదే ఆసుపత్రి, అదే గది. సిస్టరమ్మ అప్పటికి రిటైరై మెదక్ వెళ్లిపోయింది. వరండాలో ఎవరూ లేరు, తలుపు ఓరగా తెరిచి ఉంది, లోపల సన్నగా ఏడుపు. అది మా పాపదేనని నాకు గట్టిగా అనిపించింది. తలుపు మీద చెయ్యి వేశాను. పక్కనే గోడ మీద నా అక్షరాలు, రంగు వెలిసి, తలకట్లు కొంచెం పెచ్చులూడి. చెయ్యి తీసేసి, ఇంకా అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

వెనకే మా అత్తగారు ఆయాసపడుతూ వచ్చింది. పాపను చూశావా నాయనా అని అడిగింది.

"లేదండీ. పోవద్దని పెద్దమ్మ చెప్పింది" అన్నాను.

ఏ పెద్దమ్మ అని ఆవిడ అడగలేదు. చేతిలో సంచీ కింద పెట్టి, నా పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది.