మాణిక్యమ్మ మనవరాలి చదువు

ఇబ్రహీంపట్నంలో ఉత్త మాణిక్యమ్మ అని అడిగితే ఎవరూ ఆనవాలు పట్టరు. బర్ల మాణిక్యమ్మ అంటే మాత్రం ఇంటి ముందు దాకా తోడొచ్చి చూపిస్తారు. పక్కనున్న మంచాల ఊరి ఆడపడుచు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక బర్రె పడ్డను పెంచుకుని, దాని సంతానంతోనే కొట్టం నింపింది. భర్త చిన్న వయసులో పోతే, ఇంటింటికీ పాలు పోసి కొడుకు రత్నాకర్‌ను సాకి ఒక ఇంటివాణ్ణి చేసింది. తనకు అక్షరం ముక్క రాదు. రాలేదన్న దిగులూ పెద్దగా లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఆమె నమ్మకం. ఆ నోరు దేవుడు ఆమెకు దండిగానే ఇచ్చాడు.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు ఊరి చుట్టూ ప్లాట్ల వెంచర్లు ముమ్మరమయ్యాయి. బొంగులూరు దిక్కు నిన్నటిదాకా జొన్నచేలున్న చోట సున్నం వేసిన హద్దురాళ్లు వరుసలు కట్టాయి. మాణిక్యమ్మ బర్రెలు ఆ రాళ్ల సందుల్లోనే మేసేవి. కాపలావాడు అదిలిస్తే ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది.

"భూమి అమ్మిన్రు గని గడ్డి అమ్మిన్రారా? ఇండ్లు లేసినంక రానియ్యకు, పో!"

కాపలావాడు నవ్వేవాడు. బర్రెలు మేసేవి.

రత్నాకర్ ఆదిబట్ల కంపెనీల ఉద్యోగులను ఇళ్ల దగ్గర దించే కారు నడిపేవాడు. కోడలు భవాని ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి పోయేది. ఇద్దరూ ఇంత కష్టపడేది ఒక్క బిడ్డ పూజిత కోసం. పూజిత ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి. మెడలో టై, కాళ్లకు బూట్లు, ఇంటి ముందుకే పసుపుపచ్చ బస్సు. ఆ పిల్ల బస్సు ఎక్కుతుంటే మాణిక్యమ్మ పేడ చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ నిలబడేది. పూజిత నోరు కూడా నాయనమ్మ నోరే. నాయనమ్మ వెంట పాలు పోయడానికి వెళితే ఏ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరింటికి చుట్టాలొచ్చారు అన్నీ వరసగా అప్పజెప్పేది. అలాంటి పిల్లకు చదువు రావడం లేదంటే నమ్మేవాళ్లెవరు?

ఆ సంగతి బయటపడింది బతుకమ్మ సెలవుల్లో.

మంచాలలో అక్క ఇంటికి పోదామని మాణిక్యమ్మ మనవరాలిని వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లింది. మామూలుగా అయితే పక్కన ఎవరుంటే వాళ్లను అడిగి బస్సు ఎక్కేది. ఆరోజు గర్వం ఆగలేదు. పక్కనున్న పెద్దాయన "యాడికి పోవాలమ్మా?" అని తనంతట తానే అడిగినా, "మా మనవరాలుంది. ఇంగ్లీషు చదువు. బోర్డు సదివి జెప్తది" అని మూతి తిప్పింది. ఒక బస్సు వచ్చి ఆగింది. పూజిత బోర్డు వంక చూసి గుటక మింగింది.

"మంచాలనే నాయనమ్మా."

ఇద్దరూ ఎగబడి ఎక్కారు. పండగ జనం. కండక్టర్ సందు చేసుకుని వచ్చేసరికి బస్సు చాలా దూరం పోయింది.

"మంచాలకు రెండు గొట్టు" అంది మాణిక్యమ్మ.

"మంచాలనా? ఇది కందుకూరు బస్సమ్మా! బోర్డు సూడలేదా?"

బస్సంతా గొల్లుమంది. మాణిక్యమ్మ కూడా నవ్వేసేదే. కానీ మనవరాలి ముఖం చూసింది. ఆ ముఖంలో పొరపాటు చేసిన పిల్ల సిగ్గు లేదు. దొరికిపోయిన మనిషి భయం ఉంది.

తర్వాతి స్టేజీలో దిగిపోయారు. తిరుగు బస్సు కోసం ఒక వేపచెట్టు కింద కూర్చున్నారు. అక్కడ గంపలో సీతాఫలాలు అమ్ముతుంటే మాణిక్యమ్మ ఒక పండు కొని విప్పి మనవరాలి చేతిలో పెట్టింది. పూజిత తినలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏమైందే? బస్సు తప్పితే ఇంకో బస్సొస్తది. గీదానికి ఏడుస్తరా?"

"నాకు సదువనీకి రాదు నాయనమ్మా."

"నాలుగోది సదువుతున్నవ్ గద బిడ్డా!"

"రాదు. తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. ఒక అక్షరం పట్టుకునేసరికి ఎన్కటిది పోతది. పక్కపిల్ల సదువుతుంటే ఇని యాది పెట్టుకుంట. టీచర్ లేపితే అదే జెప్త. ఇప్పుడు పాఠాలు పెద్దగైనయ్. యాది ఉంటలేవు." నాయనమ్మ కొంగు పట్టుకుంది. "అమ్మకు బాపుకు జెప్పకు నాయనమ్మా."

మాణిక్యమ్మ కొంగుతో పిల్ల ముక్కు తుడిచింది.

"జెప్ప. గని ఊకోను."

ఊరుకోలేదు. సెలవులు అయిపోగానే కంటి దవాఖానకు తీసుకుపోయింది. చూపు శుభ్రంగా ఉంది. దిష్టేమోనని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇల్లంతా దగ్గింది తప్ప అక్షరాలేమీ కదలలేదు. ఆఖరికి పాల క్యాను చేతిలో ఉండగానే బడికి వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌ను కలిసింది. ఆమె మర్యాదగానే కూర్చోబెట్టింది.

"తెలివైన పిల్లే. కానీ ధ్యాస పెట్టదు. ఇంట్లో గట్టిగా చెప్పండి. ట్యూషన్ పెట్టించండి" అంది.

"ధ్యాస లేకుంటే మీ పాఠమంతా నోటికి ఎట్లొచ్చింది మేడం?" అని అడిగింది మాణిక్యమ్మ. ఇంతలో బడి గంట కొడితే ఆమె లేచి క్లాసుకు వెళ్లిపోయింది.

మాణిక్యమ్మ పాలు పోసే కొత్త కాలనీలో మౌనిక అని ఒక టీచర్ అద్దెకుండేది. సర్కారు బడి ఆవరణలో, చదువులో వెనకబడ్డ పిల్లలకూ నడవలేని, వినలేని పిల్లలకూ సాయం చేసే కేంద్రంలో ఆమె ఉద్యోగం. ఒక పొద్దున పాలు కొలుస్తూ మాణిక్యమ్మ మనసులోని మాటంతా కక్కేసింది. మౌనిక గిన్నె పట్టుకునే విన్నది.

"అవ్వా, చిన్నప్పుడు మాటలు ఆలస్యంగా వచ్చినయా?"

"మాటలా? తొమ్మిదో నెలల మొదలుబెట్టింది. ఇంకా ఆపలేదు."

మౌనిక నవ్వింది. "అయితే శనివారం తీసుకురండి. ఒకసారి కూసోబెట్టి చూస్త. తల్లిదండ్రులు కూడా రావాలె."

ఇప్పుడిక కొడుక్కీ కోడలికీ చెప్పక తప్పలేదు. మాణిక్యమ్మ ముందుగా పూజితనే అడిగింది. "దాసిపెడితే పుండు మానదు బిడ్డా. జెప్పాల్నా వద్దా?" పూజిత తలూపింది.

ఆ సాయంత్రం అన్నం కంచం ముందు కూర్చున్న రత్నాకర్ సంగతి వినగానే దిగ్గున లేచాడు.

"గా సెంటర్‌కు ఎవ్వల్ని తీస్కపోతరో తెల్సా నీకు? నా బిడ్డకేమైంది? రేపు నలుగురు ఏమంటరు? పిల్ల మంచిగ లేదంటరు. జన్మంత గదే పేరుంటది!"

"నలుగురు ఎవరురా? నేను పాలు పోసేటోళ్లేనా? ఆళ్ల సంగతి నేను జూస్కుంట."

"నీకేం తెల్వదు ఊకో అమ్మా. అది బద్దకం. రెండు తగిలిస్తే అదే వస్తది."

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ భవాని నోరు విప్పింది. "నేను తగిలించిన. మార్కులు తక్కువొచ్చినప్పుడల్ల. రాలేదు." "దెబ్బ తిన్నంక కూడా నా దగ్గర్నే పండుకుంటది. నాకు పాణం ఒప్పుతలేదు. నేను పోత అత్తమ్మా."

రత్నాకర్ కారు తీసుకుని డ్యూటీకి పోయాడు.

శనివారం ముగ్గురు ఆడవాళ్లే వెళ్లారు. గది చిన్నది. గోడల నిండా బొమ్మలు, నేల మీద చాప. మౌనిక పూజితను ఎదురుగా కూర్చోబెట్టుకుని, జాతర బొమ్మ ఒకటి చూపించి కథ చెప్పమంది. ఇక చూడాలి పూజితను. బొమ్మలో ఉన్న ప్రతి మనిషికీ పేరు పెట్టింది. గాజులు బేరమాడే ఆమెకూ గాజులమ్మే ఆమెకూ పాత పగ ఉందంది. రంగులరాట్నం ఎక్కిన ముసలాయన దిగడం తెలియక అరుస్తున్నాడంది. అచ్చం ముసలాయన గొంతుతో అరిచి చూపించింది. మౌనిక రాసుకోవడం మరచిపోయి నవ్వింది.

తర్వాత మౌనిక పుస్తకం పక్కన పెట్టి ఇంకొకటి అడిగింది. "'కమల'ల 'క' తీసేస్తే ఏం మిగుల్తది?"

పూజిత పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"మల!" అంది వెనక నుంచి మాణిక్యమ్మ.

"అవ్వా, పరీక్ష నీకు కాదు."

"ఊకుంట ఊకుంట. నువ్వు కానియ్యి."

"'పలక'ల 'ప' తీసేస్తే?"

"లక!" మాణిక్యమ్మ నాలుక కరుచుకుంది. భవాని అత్త నోటి మీద చెయ్యి పెట్టింది. ముగ్గురూ నవ్వారు. పూజిత కూడా నవ్వింది గానీ జవాబు మాత్రం ఆమెకు తోచలేదు.

చివరికి రెండో తరగతి పుస్తకంలోంచి నాలుగు వాక్యాలు చదవమంది మౌనిక. పూజిత అక్షరం కింద వేలు పెట్టింది. 'చెరువు' అన్నచోట 'చెట్టు' అంది. తర్వాతి మాట దగ్గర ఆగిపోయి, పక్కనున్న బొమ్మ చూసి మిగతాదంతా సొంతంగా అల్లేసింది. అల్లింది పుస్తకంలో ఉన్నదానికన్నా బాగుంది. కానీ పుస్తకంలో అది లేదు.

గుమ్మం దగ్గర ఏదో కదిలితే మాణిక్యమ్మ తిరిగి చూసింది. రత్నాకర్. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు. వాళ్లను ఇంటికి తీసుకుపోదామని వచ్చినట్టున్నాడు. లోపలికి రాలేదు. బిడ్డ వేలి వంకే చూస్తున్నాడు. వేలు ఇంకా ఆగిపోయిన మాట కిందే ఉంది. అతను వెనక్కి తిరిగి వరండాలోకి పోయాడు. మాణిక్యమ్మ లేచి వెళ్లేసరికి స్తంభానికి ఆనుకుని ఉన్నాడు.

"నేను బద్దకం అనుకున్ననే అమ్మా."

"నేను కండ్లనుకున్న. దిష్టి అనుకున్న. గా మేడం ధ్యాస అనుకున్నది. అందరం అనుకున్నోళ్లమే. పిల్లను అడిగినోళ్లు లేరు. రా, లోపల కూసో. బిడ్డకు బాపు కనిపియ్యాలె."

అతను లోపలికి వచ్చి చాప మీద పూజిత పక్కనే కూర్చున్నాడు. పూజిత భయంగా చూసింది. రత్నాకర్ ఆమె జడ చివర పట్టుకుని మెల్లగా ఊపాడు. చిన్నప్పుడు ఆడించేటప్పుడు అలాగే చేసేవాడు.

మౌనిక వాళ్లకు తీరుబడిగా వివరించింది. ఇది తెలివితక్కువతనం కాదు, బద్దకం కాదు. మాటలోని చప్పుళ్లను విడదీసి అక్షరాలతో కలుపుకోవడం కొందరు పిల్లలకు కష్టమవుతుంది. దాన్ని డిస్లెక్సియా అంటారు. తాను చూసింది మొదటి పరీక్ష మాత్రమే, ఖాయం చేయాల్సింది హైదరాబాదులో సైకాలజిస్టు. "మందు లేదు, అవసరం లేదు. నేర్పే తీరు మారాలె. జర టైం పడ్తది."

"వస్తదా టీచరమ్మా?" అని అడిగాడు రత్నాకర్.

"వస్తది అన్నా. అందరికంటే మెల్లగ వస్తది. గాని వస్తది."

ఆ మాటకు మాణిక్యమ్మ మౌనిక రెండు చేతులూ పట్టుకుంది.

హైదరాబాదు పెద్ద దవాఖానకు రత్నాకరే కారులో తీసుకుపోయాడు. అక్కడా అదే తేలింది. చిక్కు బడి దగ్గర వచ్చింది. విడిగా నేర్పడానికి తమ దగ్గర మనిషి లేదని ఆ బడివాళ్లు చేతులెత్తేశారు. మౌనిక ఉన్నది సర్కారు బడిలో. ఇంగ్లీషు మీడియం పిల్లను, టై తీసేసి సర్కారు బడికి పంపడమా? ఆ కాలంలో అది వెనక్కి నడవడం లాంటిది. రత్నాకర్ కొన్ని రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాడు. తర్వాత ఒకరోజు కారు కడుగుతూ పూజితనే పిలిచి అడిగాడు.

"గీ బడా, గా బడా?"

"మౌనిక టీచర్ ఏడుంటే ఆడ" అంది పూజిత. "బస్సు లేకున్నా మంచిదే. నడుస్త."

అలా మారింది. వారంలో కొన్నిరోజులు మౌనిక ఆమెను విడిగా కూర్చోబెట్టుకునేది. ఇసుకలో రాయించేది, చప్పట్లు కొడుతూ మాటలను ముక్కలు చేయించేది. కొన్నాళ్లు బాగా సాగేది. కొన్నాళ్లు నేర్చుకున్నదంతా పోయినట్టుండేది. అలాంటి రోజుల్లో పూజిత పుస్తకం విసిరికొట్టి కొట్టంలో దూరేది. భవాని ఇప్పుడు కొట్టేది కాదు. పోయి పక్కన కూర్చునేది, బిడ్డతో పాటు దూడలకు గడ్డి వేసేది. ఐదో తరగతి చివరికి పూజిత చిన్న కథ ఒకటి మొదటి నుంచి చివరి దాకా, ఏదీ అల్లకుండా చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. ఇప్పటికీ ఆమెది నెమ్మది చదువే. పరీక్షల్లో ఎక్కువ సమయం ఇస్తారు. అక్షర దోషాలు పోలేదు. బాలసభలో కథ చెప్పమంటే మాత్రం మిగతా పిల్లలంతా ఆమెనే ముందుకు తోస్తారు.

"నువ్వు కూడ నేర్చుకో అవ్వా, నేను చెప్త" అని మౌనిక ఒకసారి అంటే, మాణిక్యమ్మ చెయ్యి ఊపేసింది.

"నాకెందుకు బిడ్డా. నా పని మస్తున్నది."

ఆమెకు నిజంగానే పని పెరిగింది. పాలు పోసే ప్రతి ఇంట్లో ఈ సంగతి తానే చాటింది. మొదట్లో రత్నాకర్ తల పట్టుకున్నాడు. కానీ కొన్నాళ్లకు, ఎవరూ చూడకుండా తల్లులు ఆమెను పక్కకు పిలవడం మొదలైంది. కొత్త కాలనీలోని సుక్కమ్మ ఒకరోజు పాలు పోయించుకుని కూడా గుమ్మం వదలలేదు.

"అత్తా, మా చిన్నది... మూడో తరగతికొచ్చింది. అంకెలు అస్సలు తెలుస్తలేవు. మా ఆయనకు తెలిస్తే..."

"మీ ఆయనతోని నేను మాట్లాడుత. నువ్వు పిల్లను కొడ్తున్నవా?"

సుక్కమ్మ తల దించుకుంది.

"బంద్‌జెయ్. ముందు గది బంద్‌జెయ్." మాణిక్యమ్మ క్యాను మూత బిగించి గేటు తీసింది. "శనివారం పొద్దున తలదువ్వి తయారుంచు. నేనొస్త. ఇద్దరం కలిసి తీస్కపోదం."