తొమ్మిదో నంబరు పక్కన మరక

మన తెలుగువాళ్ళు వలసొచ్చి స్థిరపడ్డ ప్లెయిన్స్‌బరోలో సూర్యప్రకాశరావు పేరెత్తితే ఎవరైనా అనే మాట ఒకటే. "ఆయన రాశాడా? అయితే ఇక తిరుగులేదు." మందుల కంపెనీలో పాతికేళ్ళుగా రికార్డులు చూసే ఉద్యోగం ఆయనది. ఏ మందు ఎన్ని గంటలకు కలిపారు, ఎవరు తూచారు, ఎవరు సరిచూశారు, అన్నీ కాగితం మీదుండాలి. తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, కారణం చెప్పి, తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాలి. ఈ పద్ధతి ఆయనకెంత ఒంటబట్టిందంటే, ఇంట్లో సరుకుల లిస్టులో కందిపప్పు కొట్టేసి పెసరపప్పు రాసినా పక్కన సంతకం పెడతాడు.

"ఆ పప్పు డబ్బా మీద కూడా పెట్టండి, ఓ పనైపోతుంది" అంటుంది భార్య రాధారాణి.

ఇలాంటి మనిషి అరబ్ క్లబ్బుల ఫుట్‌బాల్ కప్పుకి లేఖకుడెలా అయ్యాడంటారా? అదీ చెబుతాను. పద్దెనిమిదేళ్ళ కిందట ల్యాబ్‌లో ఆయన పక్క బల్ల నబీల్‌ది. లెబనాన్ మనిషి. గంట దూరంలోని ప్యాటర్సన్ చుట్టుపక్కల అరబ్బులకు అప్పట్లో నాలుగు క్లబ్బులు: లెబనాన్ వాళ్ళది, ఈజిప్టు వాళ్ళది, సిరియా వాళ్ళది, యెమెన్ వాళ్ళది. నాలుగూ కలిసి ఓ కప్పు పెట్టుకుందామనుకున్నాయి. గ్రౌండు దొరికింది, రిఫరీ దొరికాడు. స్కోరు రాసే మనిషి దగ్గరే పేచీ వచ్చింది. ఏ క్లబ్బువాడు రాసినా మిగతా మూడూ నమ్మవు.

"రావ్, నీకు ఫుట్‌బాల్ తెలుసా?" అనడిగాడు నబీల్.

"తెలియదు."

"అరబిక్?"

"ఒక్క ముక్క రాదు."

"మా నలుగురిలో ఎవరంటే ఇష్టం?"

"నువ్వు తప్ప నాకెవరూ తెలియరు. నువ్వన్నా పెద్ద ఇష్టమేం లేదు."

నబీల్ రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "నువ్వే కావాలి!"

అంతవరకూ మనవాడు రాసిందల్లా శనివారాల్లో తెలుగు కుర్రాళ్ళ టెన్నిస్ బంతి క్రికెట్ స్కోరే. అందుకని ఆ క్రికెట్ స్కోరు పుస్తకమే చంకన పెట్టుకుని బయల్దేరాడు. నమ్మండి, ఆ కప్పు తొలి ఏడాది చరిత్రంతా అందులోనే ఉంది. ఓవర్ల గళ్ళలో నిమిషాలు, గోలు పడని ప్రతి నిమిషానికీ ఓ చుక్క, వికెట్లుండాల్సిన చోట పసుపు కార్డులు. మొదట్లో అందరూ నవ్వారు. సెమీఫైనల్ నాటికి గొడవొస్తే నాలుగు క్లబ్బులవాళ్ళూ ఆ పుస్తకం దగ్గరికే పరిగెత్తుకొచ్చారు.

ఫైనల్లో ఈజిప్టు, లెబనాన్. డెబ్భై నిమిషాలు, డెబ్భై చుక్కలు. అప్పుడు నబీల్ తల్లి ఓ ప్లేటు తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. కునాఫా. నెయ్యి ఓడే సన్న సేమ్యా, లోపల కరిగిన చీజ్, పైన పాకం. మహాతల్లి, వేడివేడిగా తెచ్చింది! మన మహానుభావుడు ఒక్క చెంచా, ఒక్కటంటే ఒక్కటే అనుకుని తల వంచాడు. గ్రౌండంతా ఘొల్లుమంది. తలెత్తేసరికి ఈజిప్టు వాళ్ళంతా తొమ్మిదో నంబరు కుర్రాడి మీద పడి హత్తుకుంటున్నారు. ఇంకెవరు కొట్టుంటారు? పాకం చేత్తోనే పుస్తకంలో తొమ్మిదని రాసేశాడు. ఒకటి-సున్నాతో ఈజిప్టు కప్పు కొట్టింది.

వారం తర్వాత ఓ పొడుగాటి మనిషి మెల్లగా వచ్చి నిలబడ్డాడు. పేరు యాసిర్, స్కూలు బస్సు డ్రైవరు, ఈజిప్టు జట్టులో వెనక నిలబడి ఆడే నాలుగో నంబరు.

"సార్, ఆ గోలు నాది."

సూర్యప్రకాశరావు మనసులో లెక్కలేసుకున్నాడు. చూడలేదని ఒప్పుకుంటే పుస్తకం మీద నమ్మకం పోతుంది, నాలుగు క్లబ్బులూ కొట్టుకుంటాయి, కప్పు మొదటి ఏడాదే మూతపడుతుంది. అదొక భయం. తన పరువు పోతుందన్నది దానికంటే పెద్ద భయం.

"పుస్తకంలో తొమ్మిదుంది బాబూ" అన్నాడు.

యాసిర్ ఆ పేజీ కాసేపు చూశాడు. "అయితే సరే సార్" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను మళ్ళీ గోలు కొట్టింది లేదు. ఆట మానేశాక ఏటా టోర్నీ ముందు గ్రౌండులో తెల్లగీతలు వేసే పని నెత్తినేసుకున్నాడు. ఎవరైనా స్కోరు మీద గొణిగితే, "రావ్ రాశాడు, ఇంకేం కావాలి?" అని నోరు మూయించేది కూడా అతనే.

మొన్న జూన్‌లో యాసిర్ కూతురు సల్మా ప్లెయిన్స్‌బరో వచ్చింది. కప్పు తొలినాళ్ళ చరిత్ర చిన్న పుస్తకంగా వేస్తున్నారట, పాత పేజీలు స్కాన్ చేసుకోవాలట.

"అంకుల్, ఫస్ట్ ఫైనల్ పేజీ పెద్దగా ప్రింట్ చేయించి ఇంట్లో ఫ్రేమ్ కట్టిస్తా. ఆ గోల్ తనదేనని బాబా ఇప్పటికీ చెప్తుంటారు. మేమంతా ఏడిపిస్తాం. ప్రూఫ్ చూపిస్తే ఇక మానేస్తారు" అని పకపకా నవ్వింది. బాబా అంటే వాళ్ళ భాషలో నాన్న.

కాఫీ తెచ్చిన రాధారాణి వంగి చూసింది. "ఏవండీ, ఈ తొమ్మిది పక్కన మరకేంటి? నెయ్యిలా ఉందే!"

సూర్యప్రకాశరావు గొంతులో కాఫీ అడ్డం పడింది.

సల్మా వెళ్ళాక భార్యకు ఉన్నదంతా చెప్పేశాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "ఫోన్ చేసి ఆ తొమ్మిదో నంబరు అబ్బాయినే అడగండి" అంది.

ఆ అబ్బాయి కరీం ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాడు. "నేనా? నేను తంతే పోల్‌కి తగిలి వెనక్కొచ్చింది. యాసిర్ తన్నాడు. దగ్గర్లో ఉన్నానని అందరూ నా మీద పడ్డారు, పక్కటెముక నొప్పెట్టింది కూడా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం నాయనా?"

"ఎవరడిగారు అంకుల్?"

ఈ ఏటి ఫైనల్ రోజు భోజనాల దగ్గర సల్మా మైకిచ్చి తొలి పేజీ చదవమంది. సూర్యప్రకాశరావు లేచి మైకందుకున్నాడు. పుస్తకం తెరిచి, తొమ్మిది మీద ఒక్క గీత కొట్టి, పక్కన నాలుగు రాసి, తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాడు.

"డెబ్భై ఒకటో నిమిషం. తొమ్మిది కాదు, నాలుగు. కారణం, రాసేవాడు కునాఫా తింటూ గోలు చూడలేదు. చూడలేదని చెప్పడానికి వాడికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. యాసిర్, నన్ను క్షమించు."

నబీల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. "పోన్లే, మేం ఓడింది మాత్రం మా అమ్మ వంట వల్ల కాదు కదా!" గ్రౌండంతా నవ్వింది. గీతలు వేసే సున్నం డబ్బా చేత పట్టుకుని నిలబడ్డ యాసిర్ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని ఆ పేజీ చూశాడు.

"రెండేళ్ళుగా నాకే అనుమానంగా ఉంది రావ్. నేనే కల కన్నానేమో అనుకుంటున్నాను."

ఆ మాటకు సూర్యప్రకాశరావు తల వాలిపోయింది. కలం అతని చేతికిచ్చి, 'సరిచూసినవారు' అన్న ఖాళీ గడి చూపించాడు. యాసిర్ అందులో సంతకం పెట్టాడు.

"బాబా, అసలెలా కొట్టావు? చెప్పు" అంది సల్మా. ఇన్నేళ్ళలో ఆ పిల్ల ఆ మాటడగడం అదే మొదలు.

ఇంతలో ఎవరో కునాఫా ప్లేటు తెచ్చి సూర్యప్రకాశరావు ముందు పెట్టారు. ఆయన దాన్ని రాధారాణి వైపు జరిపేసి, కలం తీసుకుని కొత్త పేజీ తిప్పాడు.

"మొదట్నుంచీ చెప్పు యాసిర్. ఏ కాలితో తన్నావు?"

"ఎడమ."

రాసుకున్నాడు.