విజిల్ ఊదాక ఇంగ్లీషే

మా పీఈటీ మేడమ్ చనిపోయారు. పటాన్‌చెరు దగ్గర హైవే మీద ఆమె స్కూటీని వెనక నుంచి టిప్పర్ గుద్దింది. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్ మీద పనిచేస్తాను, ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. టీ బ్రేక్‌లో లాకర్ తెరిస్తే మా పాత కబడ్డీ జట్టు గ్రూపు నిండా అదే వార్త. ఒకామె ఫొటో కూడా పెట్టింది. రోడ్డు మీద నెత్తురు, ఒక చెప్పు, పక్కన విజిల్. ఆ ఫొటో పెట్టినదాని మీద నాకు ఇంకా కోపం పోలేదు.

మీరు ఆడపిల్లల కబడ్డీని దగ్గర్నుంచి చూశారో లేదో నాకు తెలియదు. పటేల్‌గూడలో మా గ్రౌండు ఫ్యాక్టరీ గోడ వెనక ఉండేది. మట్టి తక్కువ, కంకర ఎక్కువ. మోకాళ్లు చెక్కుకుపోయేవి, గోళ్లు ఊడేవి. పట్టు దొరక్కపోతే కొరికేవాళ్లం. నేనైతే ఒకదాని చెవి కొరికాను, కమ్మ నా నోట్లోకి వచ్చింది. మేడమ్ నడుముకున్న సంచిలో పసుపు, దూది, బెల్లం ముక్క ఎప్పుడూ ఉండేవి. పసుపు అద్ది, నోట్లో బెల్లం కుక్కి, "ఏడ్వకు, నమిలి మింగు" అనేవారు.

ఆటలో ఎంత కొట్టుకున్నా ఊరుకునేవారు. ఆట అయిపోయాక మాత్రం ఒక నియమం. విజిల్ ఊదినప్పటి నుంచి కోర్టు దాటేదాకా తెలుగు మాట్లాడకూడదు. ఎందుకని అడిగితే ఆమె జవాబు ఇది:

"తెలుగుల మీకు తిట్లు మస్తుగొస్తయి. ఇంగ్లీషుల నాలుగు ముక్కలే వస్తయి. అవి నాలుగూ మంచియే."

వెల్ ప్లేడ్. గుడ్ గేమ్. హార్డ్ లక్. బెటర్ లక్ నెక్స్ట్ టైమ్. అంతే మా ఇంగ్లీషు. ఓడినవాళ్లే ముందు వెళ్లి, చెయ్యి కలిపి, వెల్ ప్లేడ్ అనాలి. గెలిచినవాళ్లు ముందు నోరు తెరిస్తే ఎక్కిరించినట్టుంటుందని ఆమె లెక్క. ఒకసారి మేం గెలిచాం. నేను అవతలి పిల్ల చెయ్యి నలిపేస్తూ పళ్లు కొరుకుతూ హార్డ్ లక్ అన్నాను. మేడమ్ నా చెవి మెలిపెట్టారు. "హార్డ్ లక్ అనుమన్న. కొట్టుమనలే."

ఇక చెప్పక తప్పనిది చెబుతాను. సంగారెడ్డిలో ఫైనల్. పదో తరగతిలో ఉన్నాం. కిష్టారెడ్డిపేట జట్టుతో స్కోరు సమం, చివరి కూతకు నేను వెళ్లాను. వాళ్ల కెప్టెన్ నా జడ పట్టి కింద పడేసి, మొహం కంకరలో రుద్దింది. జడ పట్టుకోవడం తప్పే, కానీ రెఫరీ చూడలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. నా పై పెదవి చీలి నెత్తురు గొంతులోకి దిగుతోంది. మేడమ్ వచ్చి వీపు తట్టి, "పో, చెప్పి రా" అన్నారు.

వెళ్లాను. కోర్టు మూలన గుర్తుకు పెట్టిన సగం ఇటుక తీసుకుని వెళ్లాను. ఆ కెప్టెన్ చెయ్యి కలపడానికి ముందుకు చాపింది. నేను దాని నెత్తి చూసి ఇటుక ఎత్తి కొట్టాను.

మధ్యలోకి మేడమ్ చెయ్యి వచ్చింది. ఎండిన పత్తికట్టె విరిగినట్టు చప్పుడైంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు నుజ్జయ్యాయి. ఆ నెత్తురు కిష్టారెడ్డిపేట కెప్టెన్ జెర్సీ మీద చిందింది. ఆ పిల్ల అరవలేదు, అలాగే చెయ్యి చాపి నిలబడింది. నేను అక్కడి నుంచి పారిపోయాను.

జీపు తలుపులో వేళ్లు పడ్డాయని మేడమ్ హెడ్‌మాస్టర్‌కు చెప్పారట. మర్నాడు ఆస్పత్రికి వెళితే చెయ్యంతా కట్టు. నేను కాళ్ల మీద పడబోతే ఆపారు.

"నాకేం చెప్పకు. ఆ పిల్లకు వెల్ ప్లేడ్ అన్నవా?"

"అనలే మేడమ్."

"అయితే మ్యాచ్ ఇంక అయిపోలే."

ఆ రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. రెఫరీగా ఒక పాయింట్ చూపిస్తే మూడు కనిపించేవి, కొత్త జట్లు కొట్లాటకు దిగేవి. అందుకని ఆమె పాయింట్లు నోటితోనే అరిచి చెప్పేవారు. ఎవరడిగినా జీపు తలుపు కథే చెప్పారు. నేను పటాన్‌చెరు సంతలో ఎదురుపడితే మాత్రం, కూరగాయలు ఏరుకుంటూనే, "ఏమే, మ్యాచ్ అయిపోయిందా?" అని అడిగేవారు. నవ్వి తప్పించుకునేదాన్ని. నిజానికి ఆ కెప్టెన్ ఆరేళ్లుగా మా కంపెనీ బస్సే ఎక్కుతోంది. ఆమె ముందు సీట్లో, నేను చివరి సీట్లో. మొండిదాన్ని. తప్పు నాదని తెలిసినా నోరు రాలేదు.

మేడమ్‌ను చూడటానికి వెళ్లేసరికి ఇంటి ముందు ఫ్రీజర్ పెట్టెలో పెట్టారు. తల మొత్తం కట్టు కట్టేశారు, మొహం సగమే కనిపిస్తోంది. చేతులు ఛాతీ మీద కలిపి, బొటనవేళ్లు దారంతో కట్టారు. పెట్టెకు అటువైపు కిష్టారెడ్డిపేట కెప్టెన్ నిలబడి ఉంది, కళ్లు ఉబ్బిపోయి.

నేను చుట్టూ తిరిగి ఆమె దగ్గరికి వెళ్లాను. చెయ్యి చాపాను.

"వెల్ ప్లేడ్" అన్నాను.

ఆమె నా చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "హార్డ్ లక్" అంది. చుట్టూ ఉన్నవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. చూడనీ. మేడమ్‌ను బండి ఎక్కించేదాకా మేమిద్దరం అలాగే చేతులు పట్టుకుని నిలబడ్డాం, తెలుగులో ఒక్క మాట మాట్లాడలేదు. బండి కదిలింది. బంతిపూల దండల మధ్య నుంచి ఆ రెండు వేళ్లు వంగకుండా పైకి నిలబడి, మలుపు తిరిగేదాకా కనిపించాయి.