నా తల మీద ఇగువానా

మా అమ్మాయి పెంచుకునేది ఇగువానా, పైదేశపు పెద్ద బల్లి. పెట్ షాపులో కొని తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేది. ఇప్పుడు తోకతో కలిపి మూరన్నర. రాజాంలో మా వీధివాళ్లకు మాత్రం అది ఉడుమే. ఉడుము చేరిన ఇల్లు పాడుబడిపోతుందని మొహం మీదే అంటారు. వాళ్లను అని ఏం లాభం? దాన్ని చూస్తే నాకే గుండె జారిపోతుంది.

అమ్మాయి దాన్ని మచ్చిక చేసిన తీరు చూస్తే ఒళ్లు మండేది. రోజూ సాయంత్రం బోనులో చెయ్యి పెట్టి కదలకుండా కూర్చునేది. మొదట్లో అది తోకతో కొడితే ముంజేతి మీద వాతలు తేలేవి. అయినా తీసేది కాదు. "ఒకపాలి సెయ్యి ఎనక్కి లాగీసేవంటే, అమ్మా, మరి నీ సెయ్యంటేనే దానికి బయం" అని నాకు పాఠాలు చెప్పేది. కొన్నాళ్లకు అది చేతి మీదుగా పాకి తల మీద ఎక్కి కూర్చోవడం నేర్చింది.

మా అత్తగారు ఆ గది గడప తొక్కేవారు కాదు. ఆవిడ కంచి వెళ్లి బంగారు బల్లిని తాకి వచ్చిన మనిషి. వీధిలో ఎవరి మీద బల్లి పడ్డా, స్నానం చేసి వచ్చి ఆవిడ చెయ్యి ముట్టుకుని వెళ్తారు, దోషం పోతుందని. నిజం బల్లి ఎదురుపడితే మాత్రం ఆవిడ మంచమెక్కేస్తారు.

మొన్న వానాకాలంలో అమ్మాయికి కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ అన్నారు, సాయంత్రం ఆపరేషన్ అన్నారు. మా ఆయన్ని ఆస్పత్రిలో ఉంచి బట్టల కోసం ఇంటికొచ్చాను. ఇంతలో ఆయన ఫోన్. "ఇప్పుడే లోపలికి తీసుకెళ్లిపోతన్నారు. అది తిన్నాదా అని పిల్ల అడుగుతన్నాది" అన్నారు. అమ్మాయి మంచం పట్టినప్పటి నుంచి ఇగువానా ఏమీ తినలేదు. గిన్నెలో పెడితే ముట్టదు, చేత్తోనే పెట్టాలి. తినిపించి పరిగెడదామని మందారపువ్వు పట్టుకుని బోను తలుపు తీశాను.

చెయ్యి లోపల పెట్టాను. లాగకూడదు, లాగకూడదు అనుకుంటూనే ఉన్నాను. అది పువ్వు వైపు చూడనైనా లేదు. గోళ్లు దించుకుంటూ చేతి మీద పాకి, భుజం దాటి, నా నెత్తిన కూర్చుంది.

క్యాలెండర్ వెనక వేసే బల్లిపాటు ఫలితాలు నాకు కంఠతా వచ్చు. ఆడవాళ్లకు తల మీద పడితే మరణభయం. ఎవరి మరణమో అందులో రాయరు. అక్కడ పిల్ల ఆపరేషన్ బల్ల మీద ఉంది. డిగ్రీ చదివినదాన్నే, ఆ చదువంతా ఏ గంగలో కలిసిందో!

"అత్తమ్మా! ఓపాలి సెయ్యివ్వండి. పిల్లకేటైనా అయిపోద్ది!" అని కేక పెట్టాను.

ఆవిడ గడప దగ్గరే ఆగిపోయారు. పెదాలు పాలిపోయాయి. తర్వాత కళ్లు గట్టిగా మూసుకుని, తడుముకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఇగువానా ఆ చేతి మీదుగానే నడిచి వెళ్లి ఆవిడ తల మీద, నెరిసిన ముడి పట్టుకుని కూర్చుంది.

నేను తియ్యబోయాను.

"ముట్టుకోకే. ఇది నా మీదున్నంతసేపూ ఆ గండమేటో నాకే. పిల్ల జోలికి పోదు. ఫోన్ రానీ" అన్నారు.

గోడకు చెయ్యి ఆనించి అలాగే నిలబడ్డారు. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. ఆవిణ్ణి వదిలి ఆస్పత్రికి పోలేను, ఆవిడ మొహం చూడలేను. ఆ క్షణాన ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

ఎంతసేపటికో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను. "అయిపోనాది. పిల్ల బాగానే ఉన్నాది" అన్నారు మా ఆయన.

అత్తగారు అప్పుడు కళ్లు తెరిచారు.

"ఇంక తీసియ్యే తల్లీ, నాకు బయమేస్తన్నాది" అని చిన్నపిల్లలా ఏడ్చేశారు.